స్త్రీ అనే మాట వెంట వెళ్లు

కావలి

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది, చదివాను. ‘స్త్రీ’ అన్న మాట ఎక్కడ పుట్టింది, ఎక్కడెక్కడికి పోయింది అని రాయడానికి కూర్చోవడమే నాకు చాలా నచ్చింది. కథలు, కవితలు రాసేవాళ్లు మన జిల్లాలో కావలసినంతమంది ఉన్నారు. ఒక మాట వెంటపడి దాని పుట్టుపూర్వోత్తరాలు వెతికేవాళ్లు తక్కువ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటి పేజీలోనే ‘స’ అంటే సత్వం, ‘త’ అంటే తమస్సు, ‘ర’ అంటే రజస్సు, మూడూ కలిస్తే స్త్రీ అని రాశావు. అది తీసెయ్యి. వాట్సాప్‌లో బాగా తిరుగుతోంది, వినడానికి ఇంపుగా ఉంది, కానీ మాటలు అలా పుట్టవు. అక్షరానికో గుణం అంటగడితే ఏ మాటకైనా ఏ అర్థమైనా చెప్పొచ్చు. పాతవాళ్లు ఇంతకన్నా గట్టిగా ఆలోచించారు. వేదాల్లోని మాటలకు అర్థం చెప్పే నిరుక్తంలో యాస్కుడు ఈ మాటను ‘స్త్యై’ ధాతువుకు, అంటే మూలరూపానికి కట్టి, సిగ్గుపడటం అనే అర్థం చెప్పాడు. పతంజలి తన వ్యాకరణ గ్రంథం మహాభాష్యంలో అదే ధాతువు పట్టుకుని, గర్భం రూపుకట్టేది ఆమెలో కాబట్టి స్త్రీ అన్నాడు. ధాతువు ఒకటే. ఒకాయనకు అందులో సిగ్గు కనిపించింది, ఇంకొకాయనకు గర్భం కనిపించింది. ఇద్దరూ ఆ మాట పుట్టిన ఎన్నో వందల ఏళ్లకు వచ్చినవాళ్లే. వాళ్ల వివరణల్లో నాకు మాట పుట్టుక కన్నా, పండితులు ఆడదాన్ని ఎలా చూశారన్నదే ఎక్కువ తెలుస్తుంది. నీ వ్యాసానికి అసలు సరుకు అక్కడుంది. దాన్ని రెండు వాక్యాల్లో దాటేయకు.

పుట్టుక గురించి ధైర్యంగా రాయదగ్గది ఒకటుంది. ఋగ్వేదంలో ఉన్న ఈ మాట, పాత ఇరాన్ భాష అవెస్తాలోనూ దాదాపు ఇదే రూపంలో, ఇదే అర్థంలో ఉంది. అంటే ఆ రెండు భాషలూ విడిపోకముందే ఈ మాట పుట్టింది. అంతవరకు రాసి ఆగు. తెలిసిన చోట ఆగడం కూడా రచనే.

ఇక ప్రయాణం. బౌద్ధ గ్రంథాల భాష పాళీలో ఇది ‘ఇత్థీ’ అయింది. మలయ్ భాషలో ‘ఇస్తెరి’, ఇండోనేసియాలో ‘ఇస్త్రి’. మొదట్లో ఆ ‘ఇ’ ఎందుకొచ్చిందో నీకు చెప్పక్కర్లేదు, మన ఊళ్లలో స్కూలును ఇస్కూలు అనేవాళ్లను వినే పెరిగావు. వింత అర్థంలో ఉంది. అక్కడ ఆ మాటకు భార్య అనే అర్థం స్థిరపడిపోయింది. మామూలుగా ఆడమనిషిని చెప్పాలంటే ‘వనిత’ అంటారు, అదీ సంస్కృతమే. మనకు పద్యాల్లో తప్ప పెద్దగా వినిపించని వనిత, ఇండోనేసియాలో మరుగుదొడ్డి తలుపు మీద బోర్డు. థాయ్ భాషలో ‘సత్రీ’ గౌరవంగా పలికే మాట, ఆడపిల్లల బడుల పేర్లలో కనిపిస్తుంది.

ఈ మాట మన తీరంలోని పాత రేవు మోటుపల్లి నుంచే అక్కడికి పోయిందని రాశావు. మన తీరం మీద ప్రేమ నాకూ ఉంది. సముద్ర వర్తకులకు రక్షణ ఇస్తూ కాకతీయ గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయ శాసనం గొప్పది, ఎవరూ కాదనరు. కానీ అది 1244 నాటిది. అప్పటికే జావాలో సంస్కృత పదాలు స్థిరపడి కొన్ని వందల ఏళ్లయింది. ఈ మాట మోటుపల్లిలో ఓడెక్కిందని రాయడానికి నీ దగ్గర ఆధారం లేదు. ఊరి మీద మమకారంతో ఒక అబద్ధం రాస్తే, పక్కనున్న నిజాలను కూడా పాఠకుడు నమ్మడు.

తెలుగు గురించి నువ్వు ఒక్క పేరానే రాశావు. నాకైతే అదే అన్నిటికన్నా పెద్ద భాగం కావాలి. సంస్కృతంలో లింగం శబ్దానికి, మనిషికి కాదు. భార్య అనే అర్థమున్న ‘దార’ శబ్దం పుంలింగం, ‘కళత్రం’ నపుంసకం. తెలుగు దారి వేరు. ‘ఆమె వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ అంటాం. అదే నలుగురు ఆడవాళ్లయితే ‘వచ్చారు’ అంటాం, మగవాళ్లకు చెప్పినట్టే. ఒక్కతిగా ఉంటే బస్సు పక్కన, నలుగురైతే మనుషుల్లో! మన వ్యాకరణంలో మగవాళ్లను చెప్పే మాటలు మహత్తు, ఆడవాళ్లను చెప్పేవి మహతి, మిగతావి అమహత్తు అని విడిగా చెప్పుకోవలసి వచ్చింది ఇందుకే. ఇది ఎంతమంది గమనించారు? నువ్వు గమనించి రాయి.

తర్వాత వేటపాలెంలోని సారస్వత నికేతనం గ్రంథాలయానికి వెళ్లి పాత పత్రికలు తిరగెయ్యి. ఆడవాళ్ల కోసం వచ్చిన పత్రికల పేర్లు చూడు. 1883లో సతీహితబోధిని, 1902లో హిందూసుందరి, 1928లో గృహలక్ష్మి. గృహలక్ష్మి పెట్టిన కేసరిగారు ఒంగోలు దగ్గర ఇనమనమెళ్లూరు మనిషి. ఆ తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్ పత్రిక ఆంధ్రమహిళ. సతి, సుందరి, గృహలక్ష్మి, మహిళ: ఈ వరస ఊరికే రాలేదు. ఒక్కో పేరు వెనక ఆ పత్రిక ఎవరిని పాఠకురాలు అనుకుందో ఉంది. ‘స్త్రీ’ మాత్రం ఎక్కడ మిగిలిందో ఆర్టీసీ బస్సు ఎక్కితే తెలుస్తుంది, సీట్ల పైన రాసి ఉంటుంది. ఆ సీట్లో కూర్చునే ఆమె మాత్రం తనను తాను ఆ మాటతో ఎప్పుడూ చెప్పుకోదు.

అందుకే మన నెల్లూరు జిల్లా పల్లె దూబగుంటకు కూడా వెళ్లమంటున్నాను. 1992లో అక్కడి ఆడవాళ్లు సారా మీద తిరగబడితే రాష్ట్రమంతా కదిలింది, మరుసటి ఏడాది అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. పత్రికలు వాళ్లను మహిళలు అన్నాయి. వాళ్లు తమను ఏమని చెప్పుకున్నారో అడుగు. ఆడోళ్లం అన్నారా, అమ్మలం అన్నారా, సంఘమోళ్లం అన్నారా? ఆ రోజుల్లో ముందు నిలబడ్డవాళ్లు ఇప్పుడు పెద్దవాళ్లైపోయారు, ఆలస్యం చెయ్యొద్దు. వాళ్ల మాటను దిద్దకుండా, పలికినట్టే రాసుకో.

కొత్త ప్రతి పంపేటప్పుడు పక్కన కాస్త జాగా వదులు, నా అనుమానాలు అక్కడే రాసి పంపుతాను. వ్యాసం పొడవైపోతుందని టెన్షన్ పడకు, కుదించడం తర్వాత చూసుకోవచ్చు.

ఆశీస్సులతో.