చిన్న రాయికి అంత ధర ఎందుకు?

ప్రశ్న: పుణెలోని ఒక దుకాణంలో కావన్సైట్ అనే నీలి ఖనిజం నమూనాలు రెండు చూశాను. చిన్నదానికి పెద్దదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ధర చెప్పారు. కారణమేమిటి?

జవాబు: ఖనిజ నమూనా విలువ బరువును బట్టి ఉండదు. పుణె దగ్గరి వాఘోలి క్వారీలలో, సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా గడ్డకట్టినప్పుడు మిగిలిన ఖాళీలలో, తరువాతి కాలంలో ఖనిజాలను మోసుకొచ్చిన నీటి నుంచి కావన్సైట్ ఏర్పడింది. కాల్షియం, వనేడియం, సిలికాన్ పేర్ల మొదటి అక్షరాలే దాని పేరయ్యాయి. ఆ గాఢమైన నీలం వనేడియం వల్ల వచ్చినదే. సన్నని సూదులు నలుదిక్కులా విచ్చుకున్న నీలి బంతి, స్టిల్బైట్ అనే మరో ఖనిజపు తెల్లని పరుపు మీద, చుట్టూ కాస్త ఖాళీతో, ఒక్కటే నిలిచి ఉంటే చూపు అక్కడే ఆగిపోతుంది. సేకర్తలు కోరేది ఆ అమరికనే. పెద్ద రాయి మీద పది బంతులున్నా, సూదుల కొనలు విరిగి ఉంటే విలువ బాగా పడిపోతుంది. క్వారీలో పేల్చిన రాతి నుంచి ఇంత పెళుసు స్ఫటికం చెక్కుచెదరకుండా బయటపడటం నిజంగా అరుదు.

దొరికిన చోటు రాసిన చీటీ కూడా ముఖ్యమే, దాన్ని ఎన్నడూ పారేయకండి. కొనేముందు బంతి మొదలును భూతద్దంతో చూడండి: జిగురు మెరుపు కనిపిస్తే, ఊడిన బంతిని తిరిగి అతికించి ఉంటారు.