తరగతికి తొలి ఎలక్ట్రానిక్స్ కిట్: అమర్చి వచ్చేదా, సోల్డరింగ్ చేసుకునేదా?

పన్నెండేళ్ల పిల్లల తరగతికి అన్నీ అమర్చి వచ్చే బోర్డులు కొనాలా, పిల్లలే సోల్డరింగ్ చేసే (అంటే కరిగించిన టంకంతో భాగాలను బోర్డుకు అతికించే) కిట్లు కొనాలా అని అడిగారు. ఈ రెండింటితోనూ పిల్లలకు పాఠాలు చెప్పిన అనుభవంతో, మొదట అమర్చిన బోర్డు, దానితోపాటు ఒక బ్రెడ్‌బోర్డు (అతికించే పని లేకుండా భాగాలను రంధ్రాల్లో గుచ్చి సర్క్యూట్ కట్టే పలక) తీసుకోమంటాను.

కారణం సోల్డరింగ్ కష్టమని కాదు; తప్పు ఎక్కడుందో తెలియకపోవడం. ఎల్‌ఈడీ వెలగకపోతే దాని కాళ్లు (బయటికి వచ్చే లోహపు తీగలు) తారుమారై ఉండవచ్చు, అతుకు సరిగా పట్టి ఉండకపోవచ్చు, సర్క్యూట్ అర్థం కాక తీగ వేరే చోట కలిపి ఉండవచ్చు. కొత్తవారికి ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. బ్రెడ్‌బోర్డు మీదైతే ఎల్‌ఈడీని పీకి తిప్పి గుచ్చితే సరిపోతుంది. అదే సోల్డరింగ్ చేసినదైతే రాగి విక్‌తో (అల్లిన సన్నని రాగి పట్టీతో) టంకాన్ని పీల్చి తీయాలి, ఆ తీయడంలో వేడి ఎక్కువై బోర్డు మీది రాగి ప్యాడే (కాలు అతికే చోటే) ఊడిరావచ్చు. పిల్లలందరి బోర్డులూ ఇలా ఒకేసారి మొరాయిస్తే పీరియడ్ అంతా మరమ్మతులకే పోతుంది.

సర్క్యూట్ అర్థమయ్యాక సోల్డరింగ్‌ను విడిగా, ఒక నైపుణ్యంగా నేర్పండి. 555 టైమర్ అనే ఐసీతో (చిన్న చిప్‌తో) రెండు ఎల్‌ఈడీలు మార్చి మార్చి వెలిగే చిన్న కిట్ చాలు. అయితే ఐసీని నేరుగా కాకుండా, దాన్ని గుచ్చే సాకెట్‌ను అతికించేలా ఉన్నదే ఎంచుకోండి. సోల్డరింగ్ ఐరన్ (టంకం కరిగించే వేడి పనిముట్టు) మొనతో ప్యాడ్‌నూ కాలునూ కలిపి వేడి చేసి, టంకం తీగను మొనకు కాక ఆ అతుకుకే తాకించాలన్నది పిల్లలు చేతులతో చేసి చూస్తేనే పట్టుబడుతుంది. 63/37 తగరం-సీసం టంకం 183 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, సీసం లేని రకాలకు సాధారణంగా 217 డిగ్రీలు దాటాలి. రెండోది కొంచెం మొండిదే, అయినా సీసం విషం కనుక పిల్లల చేతికి నేను అదే ఇస్తాను. పొగ వచ్చేది ప్రధానంగా ఫ్లక్స్ (టంకం బాగా అంటుకునేలా చేసే పదార్థం) నుంచి. ఉబ్బసం ఉన్నవారికి అది ఇబ్బంది కాబట్టి గాలి బాగా ఆడే గది ఉండాలి. కత్తిరించిన కాళ్ల ముక్కలు ఎగిరిపడతాయి కనుక కళ్లద్దాలు తప్పనిసరి. ఎన్ని ఐరన్లను మీరు ఒకేసారి కనిపెట్టుకోగలరో అన్నే వేడి చేయండి, మిగిలినవారు ఆలోపు రెసిస్టర్ల రంగులు చదువుతూ ఉంటారు.

ఇంట్లో ఒంటరిగా నేర్చుకునే పెద్దవారికి గంట కొట్టే తొందర లేదు. వారు నేరుగా సోల్డరింగ్ కిట్‌తోనే మొదలుపెట్టవచ్చు.

కొనే ముందు ఒకటి చూసుకోండి: అమర్చినవని అమ్మే కొన్ని బోర్డులతో హెడర్ పిన్నులు (బోర్డును బ్రెడ్‌బోర్డులో గుచ్చే లోహపు పిన్నుల వరుస) విడిగా సంచిలో వస్తాయి, వాటిని అతికించనిదే బోర్డు బ్రెడ్‌బోర్డులో కూర్చోదు.