ఇంట్లో కూడా ‘మేడమ్’ అంటోంది

ప్రశ్న: నేనొక స్కూలుకి హెడ్మిస్ట్రెస్‌ని. టీచరుగా చేరి ఇరవై రెండేళ్లు. ఈమధ్య మా పిల్లల్లో చదువు మీద ధ్యాస బాగా తగ్గింది. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో ఒక్కోదాంట్లో నలభై మంది ఉంటారు. మొత్తం మీద ఏడెనిమిది మంది ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నట్టు కూర్చుంటారు. తలనొప్పి, కడుపునొప్పి అని మానేసేవాళ్లు ఎక్కువయ్యారు. నేను చేయని ప్రయత్నం లేదు. ఫస్టు వచ్చినవాళ్లకి బ్యాడ్జీలు పెట్టాను. ప్రతి క్లాసు గోడ మీదా స్టార్ల చార్టు వేయించాను. వెనకబడ్డవాళ్లకి పొద్దున్న ఏడింటికే స్పెషల్ క్లాసులు పెట్టాను. మోటివేషనల్ స్పీకర్‌ని రెండుసార్లు పిలిపించాను. కౌన్సెలర్‌ని పెట్టి, నా గది పక్కనే గది ఇచ్చాను. మూడు నెలల్లో ఆమె దగ్గరికి నలుగురు వెళ్లారు, అదీ నేను పంపిస్తే. ఇంకేదైనా మంచి ప్రోగ్రాం ఉంటే చెప్పండి. ఇంకో చిన్న విషయం. మా అమ్మాయి మా స్కూల్లోనే తొమ్మిదో తరగతి. హెడ్మిస్ట్రెస్ కూతురికి వేరే రూలు లేదని అందరికీ తెలియాలని, లెక్కల టెస్టులో దానికి ఇరవై ఐదుకి ఏడు వస్తే అసెంబ్లీలో నేనే చదివాను. అప్పట్నుంచి ఇంట్లో కూడా నన్ను ‘మేడమ్’ అంటోంది. మావారు జోకులే, పట్టించుకోకు అంటారు. దాన్ని వేరే స్కూల్లో వేస్తే మంచిదా?

జవాబు: అమ్మా, ఇన్నేళ్లుగా ఉత్తరాలు చదివీ చదివీ నాకో అలవాటైంది. ‘ఇంకో చిన్న విషయం’ అని ఎక్కడ కనిపిస్తే అక్కడి నుంచి చదవడం మొదలుపెడతాను. మీ ఉత్తరం మూడు పేజీలు. ఆ చిన్న విషయానికి మీరిచ్చింది నాలుగు లైన్లు. నేను మాత్రం ఆ నాలుగు లైన్లే నాలుగుసార్లు చదివాను.

ముందు ప్రోగ్రాం సంగతి తేల్చేద్దాం. నా దగ్గర ఏ ప్రోగ్రామూ లేదు. స్పీకర్‌ని మూడోసారి పిలవకండి. గంటసేపు చప్పట్లు కొట్టించి వెళ్లిపోయే మనిషి, మర్నాడు పొద్దున్న కడుపునొప్పి అంటున్న పిల్లాడి పక్కన ఉండడు కదా.

ఇక అసలు సంగతి. ఆ రోజు అసెంబ్లీలో మీరు మీ నిజాయితీ నిరూపించుకోవాలనుకున్నారు. బాగానే ఉంది. కానీ దానికి ఖర్చుపెట్టింది మీ పరువు కాదు, ఆ పిల్ల పరువు. పద్నాలుగేళ్ల పిల్లకి క్లాసులో తలెత్తుకు తిరగడం ఎంత ముఖ్యమో మీకు నేను చెప్పాలా? వేరే పిల్ల అయితే ఆ సాయంత్రం ఇంటికెళ్లి వాళ్లమ్మకి చెప్పుకుని ఏడ్చేది. మీ అమ్మాయి ఎవరితో చెప్పుకోవాలి? మార్కులు చదివింది ఆ అమ్మే కదా. అందుకే ఇంట్లో అమ్మ లేదని లెక్క తేల్చుకుంది. ఉన్నది మేడమ్ కాబట్టి మేడమ్ అంటోంది. ఇది జోకు కాదని మీవారికి నా మాటగా చెప్పండి.

ఉద్యోగం గొప్పదే. ఇరవై రెండేళ్లు చేసిన మనిషిని చిన్నబుచ్చే ఉద్దేశం నాకు లేదు. కానీ ఉద్యోగధర్మం పేరు చెప్పి కన్నబిడ్డని నలుగురి ముందు నిలబెట్టడం నా దృష్టిలో ధర్మం కాదు. తల్లి పక్షపాతం చూపిస్తుందేమో అని లోకం అనుమానిస్తే అనుమానించనివ్వండి. పేపరు వేరే టీచరు దిద్దితే ఆ అనుమానం తీరిపోతుంది.

స్కూలు గురించి అడిగితే మా అమ్మాయి గురించి చెబుతుందేమిటి అనుకుంటున్నారా? నాకు రెండూ ఒకటే కథలా కనిపిస్తున్నాయి. మీ స్కూల్లో ఒక పిల్ల బలహీనత బయటపడితే ఏమవుతుందో ఆ రోజు అందరూ చూశారు. హెడ్మిస్ట్రెస్ సొంత కూతురికే దిక్కు లేదు, ఇక మనకెవరు దిక్కు అనుకోరూ? ఆ తర్వాత మీ గది పక్క గదిలోకి ఎవరొస్తారు?

ఆ గది సంగతి నాకు అనుభవమే. చాలా ఏళ్ల కిందట నేనూ ఒక స్కూల్లో కౌన్సెలర్‌గా కూర్చున్నాను. ఆఫీసు ఎదురుగా గది, తలుపు మీద పెద్ద బోర్డు. తలుపు తెరిస్తే వరండాలో ఉన్నవాళ్లందరికీ కనిపించేది. రెండు నెలలు ఈగలు తోలుకున్నాను. తర్వాత బతిమాలుకుని నా బల్ల లైబ్రరీ వెనక మూలకి మార్పించుకున్నాను. మొదటి వారం ఒక కుర్రాడు పుస్తకం తిరిగివ్వడానికి వచ్చి, అట్ట మీద గోరుతో గీతలు గీస్తూ ఇరవై నిమిషాలు నిలబడ్డాడు. ‘మీరిక్కడ రోజూ ఉంటారా?’ అని మాత్రం అడిగి వెళ్లిపోయాడు. మూడోసారి వచ్చినప్పుడు కూర్చున్నాడు. గది మార్చండమ్మా. ఇంకో మాట, ఆ కౌన్సెలర్ పిల్లల సంగతులు మీకు చేరవేయకూడదు. పిల్లల ప్రాణానికో, వాళ్ల వల్ల ఇంకొకరికో, ఇంకొకరి వల్ల వాళ్లకో ప్రమాదం ఉంటే తప్ప మాట బయటికి రాదని పిల్లలకి మొదటి రోజే చెప్పాలి. ఆ మాట మీరూ నిలబెట్టాలి. ‘ఊరికే అడుగుతున్నా, ఏమంటోంది ఆ పిల్ల?’ అని కారిడార్లో కూడా అడగకూడదు.

ఏడెనిమిది మంది దిగులుగా ఉంటారన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 10 నుంచి 19 ఏళ్ల వయసులో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుంది. మీ మూడు తరగతుల్లో నూట ఇరవై మంది. ఆ సగటు వేసుకుంటే పదిహేడు మంది దాకా ఉండాలి. మీకు కనిపించింది ఏడెనిమిది మందే. మిగతావాళ్లు నవ్వుతూ తిరుగుతున్నారో, బ్యాడ్జీ పెట్టుకుని తిరుగుతున్నారో! ఫస్టు వచ్చే పిల్లకి దిగులుండదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే నాకు మీ స్టార్ల చార్టు కంటే, రోజూ క్లాసులోకి అడుగుపెట్టగానే మొహాలు చూసే టీచరు మీద నమ్మకం ఎక్కువ. ప్రతి పిల్లకీ స్కూల్లో తన పేరు, తన సంగతి తెలిసిన పెద్దమనిషి ఒక్కరైనా ఉన్నారా? మీ టీచర్లని కూర్చోబెట్టి, పేర్ల జాబితా తీసి, ఏ పిల్ల గురించి ఎవరికి ఏం తెలుసో అడగండి. ఎవరూ నోరు విప్పని పేర్లు కొన్ని మిగులుతాయి. మీ పని అక్కడ మొదలుపెట్టండి.

స్టార్ల చార్టు తీయించేయండి. 1973లో మార్క్ లెపర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక ప్రయోగం ప్రచురించారు. బొమ్మలు గీయడమంటే సరదా ఉన్న నర్సరీ పిల్లల్లో కొందరికి, గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి గీయించారు. ఒకటి రెండు వారాలు పోయాక చూస్తే, ఆ పిల్లలు తమంతట తాము గీసే సమయం, ఏ బహుమతీ లేని పిల్లలు గీసిన దాంట్లో సగానికి పడిపోయింది. చెప్పకుండా సర్టిఫికెట్ ఇచ్చిన పిల్లల్లో మాత్రం సరదా తగ్గలేదు. ఉన్న ఇష్టాన్నే బేరం చంపేసింది. మీ చార్టు ఇంకో పని కూడా చేస్తోంది. ఎవరి పేరు పక్కన ఒక్క స్టారూ లేదో వాళ్లని రోజుకి ఏడు పీరియడ్లు గోడకి వేలాడదీస్తోంది.

చదువు మీద ఇష్టం ఎక్కణ్ణుంచి వస్తుందో ఎడ్వర్డ్ డీసీ, రిచర్డ్ రయన్ అనే ఇద్దరు పరిశోధకులు దశాబ్దాలుగా చెబుతున్నారు. నా మాటల్లో చెప్పాలంటే, ఇందులో నా ఇష్టానికీ కొంత చోటుంది, ఇది నాకు చేతనవుతోంది, ఇక్కడ నేను కావలసినవాణ్ణి అని పిల్లాడికి అనిపించాలి. ఏడు మార్కులు వచ్చిన పిల్లకి ‘ఏడే’ అని చెప్పేబదులు ఏ లెక్క దగ్గర, ఏ మెట్టు మీద ఆగిపోయిందో చూపించి, మళ్లీ రాసుకునే అవకాశం ఇవ్వండి. రెండోసారి పన్నెండు వస్తే ఆ పన్నెండు తన చేతులతో సంపాదించుకున్నది. మార్కులు చదవడం మాత్రం ఈ సోమవారం నుంచే మానేయండి, మంచి మార్కులు కూడా.

ఏడు గంటల క్లాసు గురించి ఎక్కువ చెప్పను. ఆ వయసులో ఒంట్లోని గడియారం ఆలస్యంగా నడుస్తుంది, తొందరగా పడుకోమన్నా నిద్ర రాదు. వాళ్లకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. హైస్కూలు పొద్దున్న ఎనిమిదిన్నర కంటే ముందు మొదలుపెట్టొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లోనే చెప్పింది. వెనకబడ్డ పిల్లల నిద్రే కోసి వాళ్లని ముందుకు తెస్తామనడం ఏం లెక్కో నాకర్థం కాదు. తలనొప్పుల్లో కొన్ని అక్కడివే అయ్యుంటాయి.

టీచర్లకి ఒక్క విషయం మాత్రం గట్టిగా నేర్పించండి. పిల్ల నోట ‘నేను లేకపోతే బాగుండు’ లాంటి మాట వచ్చినా, ఒంటి మీద గాట్లు కనిపించినా, ఇష్టమైన వస్తువులన్నీ పంచిపెట్టేస్తున్నా ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా, మెల్లగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా వస్తుందనుకోవడం అపోహ. అవునంటే ఆ పిల్లని ఒంటరిగా వదలకుండా పక్కనే ఉండి, ఇంట్లోవాళ్లకి కబురుచేసి, అదే రోజు డాక్టరుకి చూపించాలి. ఇంట్లోవాళ్ల వల్లే భయమని పిల్ల చెబితే మాత్రం ముందు పిల్లకి రక్షణ, కబురు తర్వాత.

మీ అమ్మాయిని వేరే స్కూల్లో వేయాలా అన్నారు. ఇప్పుడు వద్దు. ఇప్పుడు పంపిస్తే, నా మార్కులకి సిగ్గుపడి పంపేసింది అనుకుంటుంది. ముందు క్షమాపణ చెప్పండి. అసెంబ్లీలో కాదు, మళ్లీ అక్కడే మొదలుపెట్టకండి. ఇంట్లో, టీవీ కట్టేసి, దాని గదిలో, అది రమ్మంటేనే లోపలికెళ్లి కూర్చోండి. ‘నీ మార్కులు అందరి ముందు చదవడం నా తప్పు. నా పేరు కాపాడుకోవడానికి నిన్ను వాడుకున్నాను’ అనండి. ఆ తర్వాత ‘కానీ నువ్వు కూడా’ అనబోతారు, నాకు తెలుసు. అక్కడ నోరు మూసుకోండి. అది ఏడిస్తే ఏడవనివ్వండి, తిడితే పడండి, ఏమీ అనకుండా గోడ వైపు తిరిగి పడుకుంటే దీపం తీసేసి బయటికి రండి. ఒక్క రాత్రిలో అయ్యే పని కాదు. ఈలోగా రెండు వారాలకి మించి నిద్ర, తిండి తప్పుతున్నా, స్నేహితుల్ని కూడా దూరం పెడుతున్నా మంచి సైకియాట్రిస్టుకి చూపించండి. గాట్లో, చావు మాటో కనిపిస్తే ఆ రెండు వారాలు కూడా ఆగకండి. మీ కౌన్సెలర్ దగ్గరికి పంపకండి, ఆమె మీ కింద ఉద్యోగి.

స్కూలు మారే సంగతి ఈ ఏడాది చివర అడగండి, నిర్ణయం దానికే వదిలేయండి. వెళతానంటే మొహం చిన్నబుచ్చుకోకుండా సంతకం పెట్టండి. అంతవరకూ ఇంట్లో ‘మేడమ్’ అని పిలిస్తే సరిదిద్దకండి, పలకండి.