బోన్సాయ్‌కి మొక్క కొంటున్నారా? ముందు మాను మొదలు చూడండి

ప్రశ్న: మాది తూర్పు గోదావరి జిల్లా కడియం మండలం. చిన్న నర్సరీ ఉంది. బోన్సాయ్‌గా (తొట్టిలో పెరిగే పొట్టి చెట్టుగా) తయారుచేసి అమ్ముదామని నిరుడు సంచుల్లో ఉన్న ఫైకస్ (మర్రి జాతి) మొక్కలు 200 తెచ్చాం. ఆకారం కోసం నెలకోసారి కొసలు కత్తిరిస్తున్నాం. ఇప్పుడు లేత ఆకులు నిలువునా మడతపడుతున్నాయి, ముదురు ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి. ఏడాదైనా కాండం లావెక్కలేదు. కొన్నింటికి మాత్రం మొదలుకు బెత్తెడు పైన కంతిలా ఉబ్బింది. వైరస్ తెగులని మా అనుమానం. మందుల దుకాణంలో చెప్పినట్టు ఇమిడాక్లోప్రిడ్ (పురుగుమందు), మాంకోజెబ్, ఒక టానిక్ కలిపి వారానికోసారి కొడుతున్నాం. తగ్గలేదు. ఫొటోలు పంపుతున్నాం. జూన్‌లో మర్రి, రావి, చింత, అడీనియం (ఎడారి గులాబీ), మామిడి అంట్లు కలిపి మరో 500 మొక్కలు కొనాలనుకుంటున్నాం. ఎలాంటివి ఎంచుకోవాలి?

జవాబు: ఇది వైరస్ కాదు. మడతపడిన ఆకు ఒకటి తుంచి, తెల్ల కాగితం మీద పెట్టి విప్పండి. రెండు మూడు మిల్లీమీటర్ల పొడవున నల్లటి పురుగులు, వాటి పక్కనే లేత పసుపు రంగు పిల్లలు, తెల్లటి గుడ్లు కనిపిస్తాయి. అవి తామర పురుగులు. మడత లోపల కూర్చున్న పురుగుకు మీరు పైనుంచి కొట్టే మందు తగలదు. అందుకే వారం వారం కొట్టినా తగ్గలేదు.

ముందు మడతపడిన ఆకులన్నీ కోసి, సంచిలో వేసి కాల్చేయండి. సగం పని దీనితోనే అయిపోతుంది. తరువాత ఎసిఫేట్ 75 శాతం పొడి మందు లీటరు నీటికి 1.5 గ్రాముల చొప్పున, సాయంత్రం పూట, చిగుళ్లు తడిసేలా ఒక్కసారి పిచికారీ చేయండి. 12 రోజుల తరువాత కొత్త మడతలు కనిపిస్తేనే ఫిప్రోనిల్ 5 శాతం ద్రావణం లీటరుకు 2 మి.లీ. కొట్టండి. కనిపించకపోతే వద్దు. ఆపైన చిగురు వేసినప్పుడల్లా 1500 పీపీఎం (సీసా మీద రాసి ఉండే గాఢత) వేపనూనె లీటరుకు 5 మి.లీ. చాలు.

మూడు మందుల మిశ్రమాన్ని ఈ రోజే ఆపేయండి. మాంకోజెబ్ శిలీంధ్రనాశిని, పురుగుతో దానికి పనిలేదు. టానిక్ సీసా మీద అందులో ఏముందో రాసి ఉందో లేదో చూశారా? మీ ఫొటోల్లో ఆకుల అంచులు గోధుమ రంగులో కాలినట్టున్నది తెగులు వల్ల కాదు, ఆ మిశ్రమం వల్లే. పైగా ఆ మడతల్లోనే తామర పురుగు గుడ్లను తినే మిత్ర పురుగులు కూడా ఉంటాయి. వారం వారం కొట్టే మందుకు అవి బలవుతాయి. ఆకు తెంపి చూడకుండా మూడు సీసాలు చేతిలో పెట్టేవారిని సలహా అడగవద్దని ఎన్నిసార్లు చెప్పినా, రైతులు ముందు దుకాణానికి వెళ్లి, ఆ తరువాతే మాకు రాస్తున్నారు.

ఇక కంతి. అది జబ్బు కాదు, అంటు కట్టిన చోటు. దుంపలాంటి వేరు మీద చిన్న ఆకుల రకాన్ని అంటు కట్టి ‘జిన్సెంగ్’ పేరుతో అమ్ముతారు. మీకు వచ్చినవాటిలో అవి కలిసిపోయాయి. ఆ అతుకు ఎన్నేళ్లయినా దాగదు. వాటిని బోన్సాయ్ కోసం ఉంచుకోకుండా అలంకరణ మొక్కలుగా అమ్మేయండి.

కాండం లావెక్కకపోవడానికి కారణం మీ కత్తెరే. ఆకు ఎక్కువుంటేనే మాను లావెక్కుతుంది. చిన్న సంచిలో ఉంచి, నెలనెలా కొసలు తుంచితే ఐదేళ్లకూ పెన్సిల్ లాగే ఉంటుంది. బోన్సాయ్ తొట్టి ఆఖరి మజిలీ. మానును అంతకుముందే నేలలో తయారుచేసుకోవాలి. వానలు పడ్డాక మంచి మొక్కలను ఏరి, రెండడుగుల ఎడంతో మడిలో నాటండి. ప్రతి మొక్క కింద ఒక చదునైన పెంకు పెడితే వేర్లు లోతుకు దిగకుండా చుట్టూ పరుచుకుంటాయి. రెండు మూడేళ్లు కొసలు ముట్టుకోవద్దు. ఏటా ఒకసారి మొక్క చుట్టూ పారతో గుచ్చి, దూరం పోయిన వేర్లు తెగ్గొట్టండి.

కొత్తగా కొనే 500 మొక్కల సంగతి. అందరూ ఆకు నిగనిగ, ఎత్తు చూసి కొంటారు. ఆ రెండూ మీకు పనికిరావు. ఎత్తులో మూడింట రెండు వంతులు ఎలాగూ నరికేస్తారు. మొదలు రెండు అంగుళాల లావుంటే చివరికి ఉంచే ఎత్తు ఒక అడుగే. కాబట్టి మోకాళ్ల మీద కూర్చుని మొదలు చూడండి. పుల్లతో పైమట్టి అంగుళం లోతున గీకితే వేర్లు కనిపిస్తాయి. అవి నాలుగు వైపులా, ఇంచుమించు ఒకే లావున, నేల మీద పరుచుకుని ఉండాలి. ఒక పక్కే లావు వేరుండి రెండో పక్క బోడిగా ఉంటే వదిలేయండి. వేరు మొదలును చుట్టుకుని ఉంటే అసలే వద్దు. మాను లావయ్యేకొద్దీ ఆ చుట్టు బిగిసి మొక్కను చంపుతుంది. ఇది మీ 200 మొక్కల్లో కూడా చాలావాటికి ఉండే ఉంటుంది. పసుపాకుల మూలం అక్కడేమో చూడండి. గోదావరి బంకమట్టి ముద్దలో వేరు చుట్టలు చుట్టుకుంటే నీరు లోపలికి దిగదు, దిగితే బయటికి రాదు.

మాను అడుగున లావుగా ఉండి పైకి పోయేకొద్దీ సన్నబడాలి. మొదలుకు నాలుగైదు అంగుళాల్లోపే కొమ్మలుండాలి, కణుపులు దగ్గరగా ఉండాలి. గుంజలా తిన్నగా పెరిగి, నెత్తిన మాత్రమే ఆకున్న మొక్క ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. అంత సంఖ్యలో కొంటున్నారు కాబట్టి రెండు మూడు సంచులు కోసి చూపించమనండి. చూపించకపోతే వేరే నర్సరీ చూసుకోండి. వేర్లకు బుడిపెలుంటే నులిపురుగులు, తెల్లటి దూది కనిపిస్తే పిండినల్లి. అలాంటి సరుకు మీ మడిలోకి రానివ్వవద్దు.

రకాల విషయం. చింత బాగుంటుంది, ఆకు పుట్టుకతోనే చిన్నది. ఏడాదిలోపు గింజ మొక్కలు తీసుకుని తల్లి వేరు కత్తిరించి నాటండి. అడీనియం గింజ నుంచి వచ్చినదే కొనండి, కొమ్మ నాటినదానికి మొదట్లో ఉబ్బే ఆ బొజ్జ రాదు. మర్రి, రావి ఆకులు పెద్దవి కనుక చిన్న తొట్లలో నప్పవు, అడుగున్నర దాటిన చెట్టుకే అందం. అవి పాత గోడల్లో మొలుస్తుంటాయి, ఇంటివారిని అడిగి వానల్లో తీసుకోండి, ఖర్చుండదు. అడవిలో తవ్వామని అమ్మజూపే మోళ్లు కొనవద్దు, రిజర్వు అడవిలో మొక్క పెకలించడం నేరం. మామిడి అంట్లు మానుకోండి. ఆకు కొంత తగ్గినా కాయ తగ్గదు, పైగా అతుకు కళ్లెదుటే ఉంటుంది.

ఒకేసారి 500 కొనవద్దు. ఈ జూన్‌లో చింత, అడీనియం కలిపి 50 తెచ్చి, పాత మొక్కలకు 20 అడుగుల దూరంలో మూడు వారాలు విడిగా ఉంచండి. ఈలోగా పాత 200లో పది సంచులు కోసి, వేర్లు కడిగి, ఆ ఫొటోలు పంపండి. ఎన్ని ఉంచుకోవాలో, ఎన్ని తీసేయాలో అప్పుడు చెబుతాను.