హెర్నియా ఆపరేషన్‌కి అప్పు చేయాలా, పాలసీ కోసం ఆగాలా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. సరుకుల వ్యాను నడుపుతాను, బరువులు ఎత్తాల్సి ఉంటుంది. కుడి గజ్జల్లో హెర్నియా (పొట్ట గోడ బలహీనమైన చోట పేగులాంటిది బయటికి తోసుకొచ్చే వాపు) అన్నారు. పడుకుంటే వాపు లోపలికి పోతుంది, నొప్పి పెద్దగా లేదు. ఒక సర్జన్ ఓపెన్ ఆపరేషన్ చాలన్నారు, ఇంకొకరు లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసేది) అన్నారు, మూడో చోట రోబోతో చేస్తాం, డబ్బు వాయిదాల్లో కట్టొచ్చన్నారు. అది ఓపెన్‌కి మూడు రెట్లు. నా బీమాలో హెర్నియాకి వెయిటింగ్ పీరియడ్ (అది ముగిసేదాకా ఆ జబ్బుకి డబ్బు ఇవ్వరు) ఇంకా 8 నెలలుంది. అప్పు చేసి ఇప్పుడే చేయించుకోనా?

జవాబు: అప్పు మాట పక్కన పెట్టండి. ముందు మీ సర్జన్‌ని ఒక్కటే అడగండి: 8 నెలలు ఆగొచ్చా? నొప్పి లేని, లేదా చాలా తక్కువ ఉన్న మగవాళ్లని ఏడు వందల మందికి పైగా తీసుకుని ఉత్తర అమెరికాలో చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. ఆపరేషన్ చేయించుకోకుండా ఆగినవాళ్లలో పేగు ఇరుక్కుని ఎమర్జెన్సీ అయినవి ఏడాదికి వెయ్యి మందికి ఇద్దరి లోపే. అయితే పదేళ్లు తిరిగేసరికి వాళ్లలో మూడింట రెండొంతుల మంది నొప్పి పెరిగో మరోటో ఆపరేషన్‌కే వచ్చారు. అంటే ఖర్చు చాలామందికి తప్పదు, ఎప్పుడన్నది మాత్రం చాలావరకు మీ చేతిలో ఉంది. (ఇది ఆడవాళ్లకి వర్తించదు, వాళ్లలో ఇరుక్కునే ప్రమాదం ఎక్కువ కాబట్టి ఆగమనరు.)

ఆగినన్నాళ్లూ అత్యవసర నిధిని ముట్టుకోకండి, ఫిక్స్‌డ్‌లో బిగించేయకండి. వాపు గట్టిపడి లోపలికి పోకపోయినా, ఎర్రబడినా, విపరీతమైన నొప్పి, వాంతులు మొదలైనా పాలసీ చూసుకుంటూ కూర్చోకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి, ఆ డబ్బు అందుకే.

పాలసీ గురించి ఇంకో సంగతి, చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. డాక్టర్ కేసు షీట్‌లో ‘వాపు ఎంత కాలంగా ఉంది’ అని ఒక గీత ఉంటుంది. క్లెయిమ్ చూసేవాళ్లు ముందు చదివేది దాన్నే. పాలసీ తీసుకునేనాటికే వాపు ఉంటే అది ‘ముందునుంచీ ఉన్న జబ్బు’ కిందకి పోతుంది, దానికి గడువు వేరేగా ఉండొచ్చు. నిజమే చెప్పండి, దాచితే మొత్తం క్లెయిమే పోవచ్చు. గడువు ఏ తేదీన ముగుస్తుందో, మెష్‌కి (బలహీనమైన చోట కుట్టి పెట్టే వల), రోబోకి పరిమితులున్నాయో కంపెనీ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు.

ఇక ఏ పద్ధతి? ఒకవైపే, మొదటిసారి వచ్చిన హెర్నియాకి మెష్‌తో ఓపెన్ అయినా లాప్రోస్కోపీ అయినా చేతి నైపుణ్యం ఉన్నవాళ్లు చేస్తే బాగానే ఉంటాయి. లాప్రోస్కోపీలో మొదట్లో నొప్పి తక్కువ, పనిలోకి కొన్ని రోజులు ముందు రావచ్చు, కానీ సాధారణంగా పూర్తి మత్తు కావాలి. ఓపెన్ లోకల్ మత్తుతోనే చేయొచ్చు. రెండు వైపులా ఉంటే, లేదా ఓపెన్ చేశాక తిరగబెడితే, లాప్రోస్కోపీ వైపు మొగ్గుతారు. మామూలు కేసుకి రోబో మూడు రెట్లు ఇచ్చేంత మేలు చేస్తుందని నాకు కనిపించలేదు. ఖరీదైన మెష్ కూడా అంతే: ఉగాండాలో దోమతెర గుడ్డని స్టెరిలైజ్ చేసి వాడి చూస్తే ఏడాది తర్వాత మామూలు కంపెనీ మెష్‌తో సమానంగానే ఉందని 2016లో ప్రచురించారు. అదే పెట్టించుకోమని కాదు, ధర చూసి మెష్‌ని నమ్మొద్దని.

నేనైతే డబ్బు పెట్టేది సర్జన్ అనుభవం మీద. లాప్రోస్కోపీ చేయి తిరగడానికే 50 నుంచి 100 కేసులు పడతాయంటారు. ఈ పద్ధతిలో ఏడాదికి ఎన్ని చేస్తారు, ఎన్ని తిరగబెట్టాయి, నెలల తరబడి నొప్పి ఉండిపోయినవాళ్లు ఎందరు, కత్తి పట్టేది మీరేనా అని మొహమాటం లేకుండా అడగండి. చిరాకు పడితే ఇంకో సర్జన్‌ని చూసుకోండి. రెండోసారి ఆపరేషన్ అంటే రెండో బిల్లు, మళ్లీ కొన్ని వారాలు బరువులు ఎత్తకుండా, రాబడి లేకుండా ఇంట్లో కూర్చోవడం. ఎస్టిమేట్‌లో మెష్, దాన్ని బిగించే టాకర్, మత్తు డాక్టర్ ఫీజు కలిసున్నాయో లేదో కూడా చూడండి. టాకర్ ప్రతి కేసుకీ అక్కర్లేదు, ఎందుకు వాడుతున్నారో అడిగితే తప్పేం లేదు.

8 నెలలు ఆగడం కుదరదని సర్జన్ అంటే, లేదా బీమా కంపెనీ కాదంటే, సొంత డబ్బుతో బాగా చేసే చేతుల్లో ఓపెన్ చేయించుకోండి. నిధిలో తగ్గినదాన్ని తర్వాత నెలనెలా నింపుకోవచ్చు, ఆ వాయిదాల వడ్డీ కన్నా అదే నయం.