ఇంటి పేమెంట్ ఆగిపోయినప్పుడు: టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉన్న అబ్బాయికి పెద్దమ్మ ఉత్తరం

నాన్నా,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ ఉద్యోగం పోయి రెండు నెలలుగా ఇంటి పేమెంట్ కట్టలేదని, మార్ట్‌గేజ్ కంపెనీ నుంచి వచ్చే కవర్లు విప్పకుండా సొరుగులో పడేస్తున్నావని కోడలు ఫోన్‌లో చెప్పింది. తన మీద కోప్పడకు, చెప్పి మంచిపని చేసింది. రిటైరయ్యేదాకా నేను కిస్తీలు ఆగిన లోన్లు చూసే విభాగంలోనే పనిచేశానని నీకు తెలుసు. అక్కడ నేను చూసినవాళ్లలో చాలామందికి మొదట్లో ఏదో ఒక దారి ఉండేది. నలుగురికీ తెలిసిపోతుందని సిగ్గుపడి, ఫోన్ ఎత్తక, ఆ దారి మూసుకుపోయేదాకా కూర్చున్నారు. నువ్వలా కూర్చోకూడదని రాస్తున్నాను.

ముందు నీ చేతిలో ఎన్ని రోజులున్నాయో చూద్దాం. మనం ఉంటున్న ఇంటి మీద, బాకీ పడి 120 రోజులు దాటేదాకా కంపెనీ ఫోర్‌క్లోజర్, అంటే బాకీ కింద ఇల్లు వేలం వేసే పని, మొదలుపెట్టకూడదని ఫెడరల్ రూల్ ఉంది. అంటే ఇంకా దాదాపు రెండు నెలలు నీవే. ఆ తర్వాత మాత్రం టెక్సాస్‌లో పని చకచకా జరిగిపోతుంది. ఎడిసన్‌లో మీ ఫ్రెండ్ ఏడాదికి పైగా కట్టకుండా అదే ఇంట్లో ఉన్నాడని ధైర్యం తెచ్చుకుంటున్నావట. న్యూజెర్సీలో కోర్టులో కేసు వేసి తీర్పు తెచ్చుకోవాలి, అందుకే అంత ఆలస్యం. మన దగ్గర మామూలు ఇంటి లోన్‌కి కోర్టు తీర్పు అక్కర్లేదు. బాకీ తీర్చమని 20 రోజుల గడువుతో ఒక నోటీసు, వేలానికి కనీసం 21 రోజుల ముందు ఇంకో నోటీసు, అంతే. వేలం నెలలో మొదటి మంగళవారం, పొద్దున పదికీ సాయంత్రం నాలుగుకీ మధ్య. మీది కాలిన్ కౌంటీ కాబట్టి మెకిన్నీలో జరుగుతుంది. వేలం అయ్యాక డబ్బు తెచ్చి ఇల్లు విడిపించుకుంటానంటే, మార్ట్‌గేజ్ బాకీకి టెక్సాస్‌లో ఆ హక్కు లేదు.

ఇవాళే కవర్లన్నీ విప్పి తేదీల వారీగా పెట్టు. రేపు కంపెనీకి ఫోన్ చేసి లాస్ మిటిగేషన్ విభాగం, అంటే కట్టలేనివాళ్లకి దారి చూపేవాళ్లు, కావాలని అడుగు. మామూలు కస్టమర్ సర్వీస్ వాళ్లు ఎంత కడతారు, ఎప్పుడు కడతారు అనే అడుగుతారు, వాళ్లతో వాదన పెట్టుకోకు. లోన్ అసలు ఎవరిదో, ఇంటి లోన్లు కొనే సంస్థలైన ఫ్యానీ మేదా, ఫ్రెడ్డీ మ్యాక్‌దా, లేక ప్రభుత్వ హామీ ఉన్న ఎఫ్‌హెచ్‌ఏ లోనా, తెలుసుకో. నీకు ఏ సాయం దొరుకుతుందనేది చాలావరకు దాన్నిబట్టే ఉంటుంది. పే స్టబ్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, టాక్స్ రిటర్నులు, ఉద్యోగం ఎప్పుడు పోయిందో ఇప్పుడు ఎంత వస్తోందో చెప్పే ఒక పేజీ ఉత్తరం, అన్నీ ఒకేసారి పంపు. ఒక్క కాగితం తగ్గినా అప్లికేషన్ పూర్తయినట్టు లెక్కకాదు, నాన్నా. చాలామంది ఇక్కడే దెబ్బతిన్నారు. వేలానికి 37 రోజులకంటే ముందు పూర్తి అప్లికేషన్ చేరితే, వాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి, అది తేలేదాకా ఇల్లు వేలం వేయకూడదు. ఎవరితో ఏ రోజు మాట్లాడావో, ఏమన్నారో ఒక పుస్తకంలో రాసిపెట్టు.

చేతిలో ఉన్నంత పంపేద్దామని సగం పేమెంట్లు కట్టకు. తిప్పి పంపొచ్చు, లేదా పక్కన పెట్టేసి లెక్కలో వేయకపోవచ్చు. ఆ డబ్బు విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో ఉంచు.

ఈలోగా కోడలితో కూర్చుని లెక్క వేయండి. ఇప్పుడు వస్తున్నది తన జీతమొక్కటే. అసలు, వడ్డీ, ఎస్క్రోలో, అంటే కంపెనీ నెలనెలా వసూలు చేసి మన తరఫున కట్టే ఖాతాలో, పోయే ప్రాపర్టీ టాక్స్, ఇన్సూరెన్స్, పైన హెచ్‌ఓఏ అనే కాలనీ సంఘం రుసుము, అన్నీ కలిపితే ఆ జీతంలో ఎంత భాగం పోతోంది? టెక్సాస్‌లో పేమెంట్ పెరిగేది ఎక్కువగా ఎస్క్రో వల్లే. మనం ఉంటున్న ఇంటికి ప్రాపర్టీ టాక్స్ తగ్గించే హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ వేసుకున్నారో లేదో చూడండి. 2025లో స్కూల్ టాక్స్ మీద ఆ మినహాయింపు 1,40,000 డాలర్లకు పెరిగింది. మర్చిపోయి ఉంటే ఇప్పుడైనా వేయండి, రెండేళ్ల వెనక్కి కూడా అడగొచ్చు. హెచ్‌ఓఏ బాకీ చిన్నదే కదా అని వదిలేయొద్దు, కోర్టు ఆర్డరు తెచ్చుకుని వాళ్లూ ఇల్లు వేలం వేయించగలరు.

ఆ ఒక్క జీతంతో ఇల్లు నడుస్తుందనిపిస్తే నిలబెట్టుకోండి. పాత వడ్డీ రేటు అలాగే ఉంచి, కట్టని నెలల్ని లోన్ చివరికి జరిపే డిఫరల్ అడగండి. మీరు 2021లో మూడు శాతం లోపు వడ్డీకి కొన్నారు. అలాంటి రేటు ఇప్పట్లో దొరకదు కాబట్టి మీకు అదే మంచిదని నా అభిప్రాయం. మోడిఫికేషన్, అంటే లోన్ షరతులు మార్చడం, ఇస్తామంటే లోన్‌ని 40 ఏళ్ల దాకా సాగదీసి నెల పేమెంట్ తగ్గించొచ్చు, కానీ వడ్డీ రేటు మారుతోందేమో చూసుకునే సంతకం పెట్టు.

నడవదనిపిస్తే, నువ్వే అమ్మెయ్. ఈ మాట నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. ఆ ఇంటి గృహప్రవేశానికి మీ అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చారు, పిల్లల స్కూలు పక్కనే. అయినా లెక్క చూడు. ఉదాహరణకి లోన్ 4,20,000 డాలర్లు మిగిలి, ఇల్లు 5,50,000 పలికితే, కమిషన్లు, ఖర్చులు, బాకీలు పోగా ఎనభై తొంభై వేలు మీ చేతికొస్తాయి. అదే ఇల్లు వేలానికి పోతే తక్కువకి పాడతారు, పైన లాయరు ఖర్చులు కలుస్తాయి. వేలంలో బాకీకి మించి వచ్చింది మీదే అయినా, మించి రావడమే కష్టం. తక్కువ పడితే తేడా కోసం రెండేళ్లలోపు మీ మీద దావా వేయొచ్చు. పైగా క్రెడిట్ రిపోర్టులో ఫోర్‌క్లోజర్ ఏడేళ్లు ఉంటుంది, ఫ్యానీ మే లోన్‌తో మళ్లీ ఇల్లు కొనాలన్నా మామూలుగా ఏడేళ్లు ఆగాలి. నువ్వే అమ్ముకుని బాకీ తీర్చేస్తే ఆ మచ్చ పడదు. కట్టని నెలల లేట్లు మాత్రం ఉంటాయి.

అమ్మితే లోన్‌కి సరిపోదనుకుంటే కంపెనీ ఒప్పుకోలుతో బాకీకంటే తక్కువకి అమ్మే షార్ట్ సేల్ ఉంది, ఇల్లు కంపెనీకే రాసిచ్చేయడం ఉంది. రెండింట్లోనూ మిగిలిన బాకీ ఇక అడగబోమని వాళ్లచేత కాగితం మీద రాయించుకో. మాఫీ చేసిన అప్పు మీద టాక్స్ పడొచ్చు, టాక్సులు చూసే సీపీఏని అడుగు. చాప్టర్ 13 దివాళా పిటిషన్ వేస్తే వేలం ఆగి, పాత బాకీని మూడు నుంచి అయిదేళ్లలో తీర్చుకోవచ్చు. అది లాయరుతో మాట్లాడకుండా చేసే పని కాదు.

రిటైర్మెంట్ కోసం దాచిన 401కె మాత్రం ముట్టుకోకు. అప్పులవాళ్లు దాని జోలికి రాలేరు. నువ్వే తీస్తే టాక్సూ, పది శాతం పెనాల్టీ పోతాయి. క్రెడిట్ కార్డులవాళ్లు ఎంత బెదిరించినా టెక్సాస్‌లో మీరుంటున్న ఇంటిని లాక్కోలేరు, ఇంటి డబ్బు తీసి వాళ్లకి కట్టకు. కొంపల్లి స్థలం అమ్మి పంపుతానని మీ నాన్న అంటున్నాడట. కొనేవాడు దొరికి, రిజిస్ట్రేషన్ అయి, టీడీఎస్, బ్యాంకు కాగితాలు పూర్తయి డబ్బు ఇక్కడికి చేరేసరికి నెలలు పడుతుంది. రెండు నెలల గడువు పెట్టుకుని దాన్ని నమ్ముకోకు. అమ్మ నగల మాట అసలు ఎత్తకు.

వేలం నోటీసు కౌంటీలో పెట్టగానే మీ తలుపుకి కార్డులు తగిలిస్తారు, ఫోన్లు చేస్తారు. ఇల్లు కాపాడతాం, ముందు ఫీజు కట్టమంటారు. మోడిఫికేషన్ ఇప్పించకముందే ఫీజు తీసుకోవడం ఫెడరల్ రూల్ ప్రకారం తప్పు. ఇల్లు మా పేరున పెట్టు, మళ్లీ రాసిస్తాం అనేవాళ్లలో తెలుగువాళ్లూ ఉంటారు. గుడిలో పరిచయమైనా సరే, సంతకం పెట్టకు. ఫెడరల్ గృహశాఖ హడ్ ఆమోదించిన కౌన్సిలర్లు ఈ పనికి డబ్బు తీసుకోరు, 888-995-4673కి ఫోన్ చేస్తే కలుపుతారు. కంపెనీతో మాట్లాడేటప్పుడు వాళ్లని లైన్‌లో పెట్టుకో.

ఇల్లు పోతే కోడలి హెచ్‌1బీకీ నీ హెచ్‌4కీ ఏమవుతుందోనని టెన్షన్ పడుతున్నావట. ఇంటి బాకీ వీసా తప్పు కాదు, ఆ భయం తీసేయ్.

కవర్లు విప్పాక ప్రతి కాగితం ఫొటో తీసి నాకు పంపు. అన్నిటికంటే కొత్త నోటీసు మీద ఉన్న తేదీ ముందు చెప్పు. కంపెనీకి ఫోన్ చేసేటప్పుడు నన్నూ కలుపు, నాకు వాళ్ల మాటలు అర్థమవుతాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ