కాలేజీ ఫుట్‌బాల్ పిచ్చి పట్టిన మా అబ్బాయికి

చిరంజీవి సుధీర్‌కు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన పొడవాటి మెసేజ్ రెండుసార్లు చదివాను. కొలంబస్‌లో అడుగుపెట్టి ఎంతో కాలం కాకముందే ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు నీ తలకెక్కిందని తెలుస్తూనే ఉంది. ఆ ఊళ్ళో చదువుకున్నవాణ్ణి కనుక అందుకు సంతోషించానే గాని తప్పుపట్టలేదు. నువ్వు మూడు సంగతులు అడిగావు. జట్టు వదిలి, కాలేజీ మారదలచిన ఆటగాళ్ళ పేర్లుండే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో చేరిన కుర్రవాడికి ఇన్‌స్టాగ్రామ్‌లో నాలుగు మాటలు ఘాటుగా రాయవచ్చా అన్నది మొదటిది. ఆటగాళ్ళకు డబ్బు సమకూర్చే అభిమానుల కలెక్టివ్‌కు నెలనెలా కొంత పంపవచ్చా అన్నది రెండోది. హైదరాబాద్‌లో ఉన్న నీ స్నేహితుడి చెల్లెలు టెన్నిస్ మీద అమెరికా కాలేజీలో సీటు తెచ్చుకోవాలంటే ఏం చేయాలన్నది మూడోది. మొదటి రెండింటికీ నా జవాబు నీకు రుచించకపోవచ్చు కాబట్టి కారణాలు కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఈ ఆటను కొత్తగా పట్టించుకునేవాళ్ళంతా రిక్రూట్‌కు, అంటే కాలేజీలు తీసుకోదలచిన హైస్కూలు ఆటగాడికి, ఎన్ని స్టార్ల రేటింగ్ ఇచ్చారన్నదే చూస్తారు. నా చేతికి జట్టు జాబితా వస్తే నేను మొదట చూసేది ఎవరికి ఎన్నేళ్ళ ఎలిజిబిలిటీ, అంటే కాలేజీ ఆట ఆడే అర్హత, మిగిలిందన్నది. స్టార్లు ఒకరి అంచనా మాత్రమే. తర్వాత ప్రొఫెషనల్ ఆటలో మేటి అయిన జె.జె. వాట్‌కు హైస్కూల్లో ఇచ్చినవి రెండే. అలాగే మేటి అయిన జోష్ అలెన్, హైస్కూలు ముగిసేనాటికి పెద్ద డివిజన్ కాలేజీల నుంచి ఒక్క ఆఫర్ కూడా లేక కాలిఫోర్నియాలో ఒక రెండేళ్ళ జూనియర్ కాలేజీకి వెళ్ళాడు. ఎలిజిబిలిటీ అలాంటి అంచనా కాదు, అది లెక్క. కాలేజీ ఆటల్లో పై అంచె అయిన డివిజన్ వన్‌లో చేరిన ఆటగాడికి ఐదేళ్ళ గడువు ఉంటుంది, ఆ ఐదేళ్ళలో నాలుగు సీజన్లు ఆడవచ్చు. ఆడకుండా పక్కన ఉంచిన ఏడాదిని రెడ్‌షర్ట్ అంటారు. ఫుట్‌బాల్‌లో 2018 నుంచి నాలుగు ఆటల వరకు దిగినా ఆ ఏడాది రెడ్‌షర్ట్‌గానే మిగులుతుంది. అందుకే నవంబరులో ఎన్నడూ చూడని కుర్రవాడు ఉన్నట్టుండి మైదానంలోకి దిగితే కోచ్‌కు మతి చలించిందనుకోకు, అతడి ఆటలు నాలుగు దాటలేదేమో లెక్కపెట్టు.

ఈ లెక్క తెలియకపోతే మన జట్టు జాతీయ టైటిల్ ఎలా గెలిచిందో కూడా అర్థం కాదు. 2020లో కాన్సస్ స్టేట్‌లో చేరిన విల్ హోవర్డ్ అక్కడ నాలుగు సీజన్లు ఆడాడు, పాత లెక్క ప్రకారం 2023తో అతడి పని అయిపోవలసింది. కోవిడ్ కారణంగా 2020 సీజన్‌ను ఎవరి ఖాతాలోనూ వేయరాదని కాలేజీ ఆటలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ నిర్ణయించడంతో అతడికి ఇంకొక్క ఏడాది మిగిలింది. ఆ ఒక్క ఏడాది కోసమే మనవాళ్ళు అతణ్ణి తెచ్చుకున్నారు. 2025 జనవరి 20న అట్లాంటాలో నోట్రడామ్ మీద 34–23తో గెలిచిన జట్టుకు దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ అతడే. అదే జట్టులో బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ జడ్‌కిన్స్ మిసిసిపీ విశ్వవిద్యాలయం నుంచి, వెనక కాపు కాసే సేఫ్టీ కేలెబ్ డౌన్స్ అలబామా విశ్వవిద్యాలయం నుంచి వచ్చినవాళ్ళు. పోర్టల్‌లో వచ్చినవాళ్ళను భుజాల మీద మోసి, పోయినవాళ్ళను ద్రోహులంటే మాట నిలుస్తుందా? నీ మెసేజ్‌లో నాకు కష్టం కలిగించింది ఈ ముక్కే.

ఆ కుర్రవాడి వయసు ఎంతో ఒకసారి చూసుకో. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ 2018 అక్టోబరులో మొదలైంది. అంతకుముందు ఫుట్‌బాల్ ఆటగాడు కాలేజీ మారితే సాధారణంగా ఒక ఏడాది ఊరికే కూర్చోవాలి, కోచ్ మాత్రం ఎక్కువ జీతానికి రాత్రికి రాత్రి మరో ఊరు వెళ్ళవచ్చు. 2021లో ఒకసారి మారడానికి ఆంక్ష తొలగింది. వెస్ట్ వర్జీనియాలో కోర్టు ఉత్తర్వు వచ్చాక 2024 నుంచి చదువులో వెనకబడనంత వరకు ఎన్నిసార్లయినా మారవచ్చన్నారు. ఇప్పుడు ఫుట్‌బాల్‌కు జనవరిలో రెండు వారాల పాటే ఆ తలుపు తెరుస్తున్నారు, కనుక ఈ నెలలో కొలంబస్‌లో వినిపించే రుసరుసలు ప్రతి కాలేజీ ఊళ్ళోనూ వినిపిస్తాయి. ముందు వరసలో ఇద్దరు ఉండగా, మిగిలినవి రెండేళ్ళే అయితే, ఇరవై ఏళ్ళవాడు ఏం చేయాలి? జో బరో మన దగ్గర ఆ లెక్క చూసుకునే 2018లో లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయానికి (ఎల్‌ఎస్‌యూ) వెళ్ళాడు, మరుసటి ఏడాది దేశంలో మేటి కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ అందుకున్నాడు. అతణ్ణి ఒహాయోలో ఇవాళ్టికీ మనవాడనే చెప్పుకుంటారు.

క్విన్ యూవర్స్ సంగతి ఇంకా వినదగ్గది. టెక్సస్‌లో హైస్కూలు ఆటగాళ్ళు తమ పేరు మీద డబ్బు తీసుకోరాదన్న నిబంధన ఉన్నందున, చివరి ఏడాది వదులుకుని 2021లోనే కొలంబస్ వచ్చాడు. ఆ సీజన్ మొత్తం మీద రెండే స్నాప్‌లకు (బంతి ఆటలోకి వచ్చే ఒక్కో విడత) దిగి, డిసెంబరులో టెక్సస్ విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయాడు. అప్పట్లో అతణ్ణి తిట్టని నోరు లేదు. 2025 జనవరిలో, సీజన్ చివర ఆడే కాటన్ బౌల్‌లో అతడు మనకు ఎదురుపడ్డాడు. చివరి నిమిషాల్లో టెక్సస్ గోల్ గీత ముంగిట నిలిచి ఉండగా, అతడి చేతిలోంచి బంతి రాలగొట్టి 83 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేసినవాడు జాక్ సాయర్. కొలంబస్‌లో ఉన్న రోజుల్లో యూవర్స్‌కు రూమ్మేట్ కూడా అతడే. ఆట మనది 28–14. పోయినవాడి మీద అక్కసు తీర్చుకోవాలంటే మైదానం ఉంది, దానికోసం ఇన్‌స్టాగ్రామ్ అక్కర్లేదు.

ఇక రాబోయే రిక్రూట్‌లకు మెసేజ్‌లు పెట్టడం, అది మెచ్చుకోలే అయినా వద్దు. హైస్కూలు పిల్లవాణ్ణి రిక్రూట్ చేసే పని కోచ్‌లది. వాళ్ళకు కూడా ఎప్పుడు ఫోన్ చేయాలో, ఎప్పుడు ఎదురుపడి మాట్లాడాలో క్యాలెండరు ఉంటుంది. డెడ్ పీరియడ్‌లో ఫోన్ చేయవచ్చు గాని ముఖాముఖి కలవకూడదు. 2009లో బాస్కెట్‌బాల్ రిక్రూట్ జాన్ వాల్‌ను తమ కాలేజీకి రమ్మని వేడుకుంటూ నార్త్ కరోలినా స్టేట్ విద్యార్థి ఒకడు ఫేస్‌బుక్‌లో గ్రూపు పెడితే, ఆపమని అతడికి లేఖ రాసింది ఆ విశ్వవిద్యాలయమే. ఎన్‌సీఏఏ దృష్టిలో విద్యార్థి అభిమానం కూడా ఆశ చూపడం కిందికి రావచ్చని వాళ్ళ భయం. (వాల్ చివరకు కెంటకీ వెళ్ళాడు.) పైగా పదిహేడేళ్ళవాడు కమిట్ అయ్యానని చెప్పడం నోటిమాట మాత్రమే, సంతకం పడేదాకా అది ఎవరినీ కట్టదు. బ్రైస్ అండర్‌వుడ్ 2024లో నెలల తరబడి ఎల్‌ఎస్‌యూ మనిషిగా ఉండి నవంబరులో మిషిగన్ వైపు తిరిగాడు. ట్రావిస్ హంటర్ 2021 డిసెంబరులో సంతకాల రోజునే ఫ్లోరిడా స్టేట్‌ను కాదని జాక్సన్ స్టేట్‌కు వెళ్ళాడు. నోటిమాటకే పండుగ చేసుకునేవాడు అది మారినప్పుడు బూతులకు దిగుతాడు, ఆ రెండూ నీకు వద్దు.

డబ్బు దగ్గరికి వస్తాను. కొంచెం పాత కథ చెప్పక తప్పదు. 2010 చివర టెరెల్ ప్రయర్‌తో సహా మన ఆటగాళ్ళు ఐదుగురు తమ ఉంగరాలు, జెర్సీలు వంటివి ఇచ్చి డబ్బు, పచ్చబొట్లు పుచ్చుకున్నట్టు బయటపడింది. తమ సొంత వస్తువులను అమ్ముకున్నందుకు వాళ్ళకు ఐదేసి ఆటల నిషేధం పడింది. తెలిసి కూడా చెప్పనందుకు కోచ్ జిమ్ ట్రెసెల్ 2011 మే నెలలో రాజీనామా చేశాడు. 2010 విజయాలను రికార్డు నుంచి తుడిచేశారు. 2012లో జట్టు పన్నెండు ఆటలూ గెలిచి కూడా ఆ శిక్ష వల్ల బౌల్ ఆటకు నోచుకోలేదు. ఆ ఏడాది మేము పడ్డ బాధ ఇప్పటి మీ పిల్లలకు అర్థం కాదు. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో సుప్రీం కోర్టు తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పు చెప్పారు, పది రోజులకే జులై 1 నుంచి ఆటగాళ్ళు తమ పేరు, రూపాలతో సంపాదించుకునే ఎన్‌ఐఎల్ వచ్చింది. నాటి నేరం నేటి వ్యాపారం. నన్నడిగితే ఈ మార్పు న్యాయమైనదే. లక్షమందికి పైగా కూర్చునే స్టేడియం ఎవరి రెక్కల కష్టంతో నిండుతోందో వాళ్ళకు వాటా లేకపోవడమే ఇన్నాళ్ళూ జరిగిన విడ్డూరం.

న్యాయమైనది కాబట్టి నీ జేబులోంచి వెళ్ళాలని మాత్రం కాదు. 2025 జూన్‌లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆటగాళ్ళు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు ఒప్పందాన్ని ఆమోదించాక, కాలేజీలే ఆటగాళ్ళకు నేరుగా చెల్లించవచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు రెండు కోట్ల అయిదు లక్షల డాలర్లు. పాత ఆటగాళ్ళకు బాకీగా సుమారు 280 కోట్ల డాలర్లు పంచాలన్నారు. 600 డాలర్లూ అంతకు పైబడిన బయటి ఒప్పందాలను పరిశీలించడానికి వేరే వ్యవస్థ పెట్టారు. టైటిల్ గెలిచిన 2024 జట్టు మీద మనవాళ్ళు ఎన్‌ఐఎల్ రూపంలో సుమారు రెండు కోట్ల డాలర్లు పెట్టారని ఆటల విభాగాధిపతే చెప్పాడు. అంత సముద్రంలో నువ్వు పోసే చెంబెడు నీళ్ళు ఎవరికి కావాలి? చదువు కోసం చేసిన అప్పుకు వడ్డీ కడుతున్నవాడివి, ముందు అది తీర్చు. ఆ దానం వల్ల పన్ను మినహాయింపు వస్తుందని కూడా ఆశించకు. చాలా కలెక్టివ్‌లు దాతృత్వ సంస్థల కిందికి రావని 2023లోనే పన్నుల శాఖ న్యాయవాదులు రాసి ఉంచారు.

మరొక చిక్కు కూడా ఉంది. ఆటల విభాగానికో, దాని పక్షాన పనిచేసే సంఘానికో డబ్బిచ్చినవాణ్ణి ఎన్‌సీఏఏ బూస్టర్ అంటుంది. ఒకసారి ఆ ముద్ర పడితే పోదు. చాలా విశ్వవిద్యాలయాల్లో మంచి సీట్లకు టికెట్ ధరతో పాటు ఏటా విరాళం కూడా కట్టించుకుంటారు, ఆ రసీదు మీద సంతకం చేసేటప్పుడు మనవాళ్ళెవరూ ఈ సంగతి చదవరు. ఆ తర్వాత రిక్రూట్‌కు భోజనం పెట్టినా, కారులో దింపినా, రమ్మని బతిమాలినా చిక్కుల్లో పడేది నువ్వు కాదు, ఆ పిల్లవాడి ఎలిజిబిలిటీ. డబ్బు మాట నోటితో ఇచ్చి వదిలేస్తే ఏమవుతుందో 2024 సెప్టెంబరులో లాస్ వేగస్‌లోని నెవాడా విశ్వవిద్యాలయం జట్టులో చూశాం. మొదటి మూడు ఆటలూ గెలిపించిన క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్లూకా, చెప్పిన డబ్బు ఇవ్వలేదంటూ నాలుగో ఆటకు ముందే తప్పుకున్నాడు. అలాంటి మాట ఏదీ ఇవ్వలేదని కాలేజీ పక్షం అంది. ఎవరిది నిజమైనా, అతడు మూడు ఆటల దగ్గరే ఆగడంలోని ఆంతర్యం నీకు ఇప్పుడు తెలిసే ఉంటుంది. రెడ్‌షర్ట్ దక్కింది, ఏడాది మిగిలింది.

ఎలిజిబిలిటీ లెక్క ఇకముందు కూడా కోర్టుల్లో మారుతూనే ఉంటుంది. వాండర్‌బిల్ట్ క్వార్టర్‌బ్యాక్ డియేగో పావియా, జూనియర్ కాలేజీలో ఆడిన కాలాన్ని తన ఖాతాలో వేయరాదని కోర్టుకెక్కి 2024 డిసెంబరులో ఉత్తర్వు తెచ్చుకున్నాడు. దానితో అటువంటి మరికొందరికి కూడా ఇంకొక ఏడాది దొరికింది. కాబట్టి మన జట్టులో చోటు ఖాళీ అవుతుందని నువ్వు వేసుకునే లెక్కలన్నీ పెన్సిల్‌తోనే వేసుకో. ఒక్కటి మాత్రం మారలేదు. హైస్కూలు వదిలి మూడేళ్ళు నిండనిదే ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ తీసుకోదు. మన మారిస్ క్లారెట్ 2004లో ఆ నియమం మీద పోరాడి కింది కోర్టులో గెలిచి పైకోర్టులో ఓడాడు. అందువల్లే 2024లో మన జట్టులో చేరిన జెరెమయా స్మిత్ 2026 సీజన్ వరకు ఏదో ఒక కాలేజీకే ఆడాలి. నీ ఆనందం ఏదైనా ఉంటే దాన్ని అలాంటి ఖాయమైన లెక్కల మీద కట్టుకో.

నీ స్నేహితుడి చెల్లెలి విషయం. ఆ అమ్మాయికి టెన్నిస్ రాంకు ఎంత ముఖ్యమో మార్కుల జాబితా అంతే ముఖ్యమని వాళ్ళ నాన్నగారికి చెప్పు. డివిజన్ వన్‌లో ఆడాలంటే ఎన్‌సీఏఏ ఒప్పుకున్న పదహారు కోర్ కోర్సులు (ముఖ్య పాఠ్యాంశాలు), వాటిలో నాలుగు పాయింట్లకు 2.3 సగటు ఉండాలి. శాట్ ప్రవేశ పరీక్ష తప్పనిసరి అన్న నియమాన్ని ఎన్‌సీఏఏ 2023లో ఎత్తేసింది, అయితే చేర్చుకునే విశ్వవిద్యాలయం విడిగా అడగవచ్చు. మన బోర్డుల మార్కులను వాళ్ళు తమ పద్ధతిలో పరిశీలిస్తారు కాబట్టి తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ప్రతి మెమో భద్రంగా ఉంచమను. ఇంటర్ అయ్యాక ఆట కోసం ఖాళీగా ఉండి టోర్నమెంట్లు తిరుగుతామంటే, అనుమతించిన గడువు దాటాక ఎలిజిబిలిటీ తరుగుతుంది. ప్రైజ్ మనీ తీసుకునే ముందు, చేరదలచిన కాలేజీలో నిబంధనలు చూసే కంప్లయన్స్ ఆఫీసును ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోవాలి. ఫోన్లో చెప్పిన మాటకు విలువ లేదు. కోచ్‌లకు ఏజెంట్ ద్వారా కాక అమ్మాయే స్వయంగా, ఆడిన ఆటల పూర్తి వీడియోతో రాస్తే మంచిది, ఏరికోరిన షాట్లు మాత్రమే పంపితే వాళ్ళు నమ్మరు.

ఎన్‌ఐఎల్ డబ్బు మీద ఆశ పెట్టుకోవద్దని తప్పక చెప్పు. ఎఫ్‌-1 విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్ళు ఇక్కడ ప్రకటనలలో నటించి సంపాదించడానికి వీల్లేదు. పర్డ్యూలో రెండేళ్ళు వరుసగా దేశంలోకెల్లా మేటి బాస్కెట్‌బాల్ ఆటగాడనిపించుకున్న కెనడా కుర్రవాడు జాక్ ఈడీకి కూడా ఆ అడ్డంకి తప్పలేదు. వాళ్ళకు ఉదాహరణ కావాలంటే నిశేష్ బసవరెడ్డి పేరు చెప్పు. తల్లిదండ్రులు నెల్లూరు వాళ్ళు, అతడు పెరిగింది ఇండియానాలో. స్టాన్‌ఫర్డ్‌లో రెండేళ్ళు ఆడి, మిగిలిన ఎలిజిబిలిటీని వదులుకుని 2024 డిసెంబరులో ప్రొఫెషనల్ అయ్యాడు, మరుసటి నెలలోనే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జకోవిచ్ మీద తొలి సెట్ గెలిచి, ఆట మాత్రం ఓడాడు. అమెరికాలో పుట్టినవాడు కాబట్టి వీసా బాధ అతడికి లేదన్నది కూడా వాళ్ళకు విడమరచి చెప్పు. లేకపోతే రెండు దారులూ ఒకటే అనుకుంటారు.

ఆ అమ్మాయి మెమోలు స్కాన్ చేసి పంపిస్తే, కోర్ కోర్సుల జాబితాతో సరిపోల్చి ఏవి తక్కువ పడుతున్నాయో నేను రాసి పంపుతాను. ఆ కుర్రవాడికి ఘాటుగా రాయాలన్న ఆలోచన మాత్రం ఈ ఉత్తరం చదవగానే మానుకో.

ఇట్లు,
మీ పెదనాన్న